సారీ ఫంక్షన్ వద్దట, ధోతి ఫంక్షన్ కావాలట

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర ఊరు. ఎరువులు, పురుగుమందుల దుకాణం నడుపుతాను. మా చెల్లె కూతురికి 17 ఏళ్లు, హనుమకొండలో ఇంటర్ సెకండియర్. చిన్నప్పటి నుంచి ప్యాంటు, షర్టు తప్ప ఇంకోటి వేసుకోదు. మేమూ ముద్దుగా రుద్రమదేవి అనేవాళ్లం. సంక్రాంతి దాటాక తనకు సారీ ఫంక్షన్, తన తమ్ముడికి ధోతి ఫంక్షన్ ఒకే పందిట్లో చేద్దామనుకున్నాం. మేనమామగా పట్టుచీర నేను పెట్టాలి. చీర మాట ఎత్తగానే గది తలుపు వేసుకుంది. రెండు రోజులు సరిగ్గా తినలేదు. తర్వాత వాళ్లమ్మతో, "చేస్తే నాకూ ధోతి ఫంక్షన్ చేయండి, లేకపోతే ఏదీ వద్దు. నేను ఆడపిల్లనని నాకు అనిపించదు" అన్నదట. జెంట్స్ సెలూన్‌లో జుట్టు కత్తిరించుకుంది. ఛాతీకి క్రేప్ బ్యాండేజ్ గట్టిగా చుట్టుకుని కాలేజీకి పోతుంటే ఒకరోజు మెట్ల మీద కళ్లు తిరిగి కూర్చుండిపోయింది. వాళ్ల నాన్న ఇదంతా ఫోన్ వల్లే అంటాడు. ఒక చుట్టం కొమురవెల్లి మల్లన్న దగ్గరికి తీసుకుపొమ్మంటే, ఇంకొకరు పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుంది అంటున్నారు. నిజం చెప్పాలంటే మా అబ్బాయికే చేసుకుందామని ఎప్పటి నుంచో మాట ఉంది. రోజూ 'కోడలా' అని పిలిచేవాడిని, మొన్న తమాషాకు "ఏం అల్లుడా" అన్నాను. ఆ ముఖం వెలిగిపోయింది. నాకు భయమేసింది. ఫోన్లో వెతికితే టామ్‌బాయ్, లెస్బియన్, ట్రాన్స్‌జెండర్, నాన్‌బైనరీ, జెండర్ ఎక్స్‌ప్రెషన్, డిస్ఫోరియా అని ఏవేవో వచ్చాయి. వీటిలో మా పిల్లకు ఏది వర్తిస్తుంది? రేపు హిజ్రాల్లో కలిసిపోతుందా? డాక్టర్‌కు చూపించాలా? ఫంక్షన్ చేయాలా, మానాలా?

జవాబు: అన్నా, మాటల అర్థాలకు తర్వాత వస్తాను. ముందు ఆ క్రేప్ బ్యాండేజ్ సంగతి చూడాలి. కాలు బెణికితే చుట్టే గుడ్డ అది. లాగి చుడితే ఒంటిని నొక్కేస్తూనే ఉంటుంది. ఛాతీకి చుట్టుకుని రోజంతా క్లాసులో కూర్చుంటే ఊపిరి నిండా తీసుకోలేరు, పక్కటెముకలు నొప్పి పెడతాయి, చర్మం ఒరుసుకుపోతుంది. మెట్లెక్కితే కళ్లు తిరిగాయంటే ఆశ్చర్యం లేదు. ప్యాకింగ్‌కు వాడే అంటించే టేపులు ఇంకా చెడ్డవి. దాని బదులు స్పోర్ట్స్ బ్రా, పైన వదులు షర్టు చాలు. ఇందుకోసమే కుట్టిన బైండర్లు కూడా దొరుకుతాయి. కొంటే సరైన సైజుదే కొనాలి, రోజుకు ఎనిమిది గంటలు దాటనివ్వకూడదు, నిద్రపోయేటప్పుడు, ఆటలు ఆడేటప్పుడు తీసేయాలి. ఈ మాట మీరు చెప్పకండి, మీ చెల్లెతో చెప్పించండి. "ఎందుకు చుట్టుకున్నావ్" అని నిలదీయకుండా, "దీనివల్ల ఊపిరాడదు, ఇంకోటి తెచ్చుకుందాం పద" అంటే చాలు. రక్తం తక్కువైనా కళ్లు తిరుగుతాయి, పనిలో పనిగా హిమోగ్లోబిన్ పరీక్ష కూడా చేయించండి.

ఇంకో చిన్న సంగతి. మీరు ఉత్తరమంతా 'అన్నది, వేసుకుంది' అని రాశారు. ఇన్నేళ్ల అలవాటు, తప్పు పట్టడం లేదు. నేను మాత్రం ఈ జవాబులో 'తను' అంటాను. నిన్ను ఏమని పిలవాలి అని తనను ఇంకా ఎవరూ అడిగినట్టు లేదు కాబట్టి.

ఇక మాటలు. మీ దుకాణం ముందు నుంచి రోజూ పోయే మనుషులతోనే మొదలుపెడతాను. మిరప ఏరడానికి, పత్తి తీయడానికి ఆటోల్లో పోయే అక్కలను చూడండి. చీర మీద మగవాళ్ల ఫుల్ హ్యాండ్స్ షర్టు, తలకు తువ్వాల. షర్టు వేసుకున్నావేం, నువ్వు ఆడదానివా మగవాడివా అని వాళ్లను ఎవరూ అడగరు. మన తాతల తరంలో మగవాళ్ల చెవులకు పోగులుండేవి, కొందరికి సిగ ఉండేది. అదే పోగు ఈరోజు ఇంజనీరింగ్ చదివే అబ్బాయి పెట్టుకుని పండక్కి ఊరికొస్తే ఇంట్లో పెద్ద పంచాయితీ. బట్ట, జుట్టు, నగ, నడక, గొంతు, నలుగురిలో కూర్చునే తీరు, ఇలా పైకి కనబడేదాన్నంతా కలిపి జెండర్ ఎక్స్‌ప్రెషన్ అంటారు. పుస్తకాల్లో లింగ వ్యక్తీకరణ అని రాస్తున్నారు. అది ఊరును బట్టి, పనిని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. ఒకే మనిషికి పొద్దున ఒకలా, పెళ్లిలో ఒకలా ఉంటుంది. దాన్ని చూసి లోపలి మనిషి ఎవరో తేల్చలేం.

లోపల 'నేను ఆడ', 'నేను మగ', 'ఈ రెంటిలో ఏదీ పూర్తిగా కాదు' అని ప్రతి మనిషికీ తన గురించి ఒక ఎరుక ఉంటుంది. అది జెండర్ ఐడెంటిటీ, లింగ గుర్తింపు. కంటికి కనబడదు, ఏ స్కానింగ్‌లోనూ రాదు, ఆ మనిషి చెబితేనే తెలుస్తుంది. అది మీకూ ఉంది, నాకూ ఉంది. పుట్టినప్పుడు ఆస్పత్రిలో రాసినదానితో కుదిరిపోయింది కాబట్టి దాని గురించి ఆలోచించే అవసరం మనకు రాలేదు. అలా కుదిరినవాళ్లను సిస్‌జెండర్ అంటారు. కుదరనివాళ్లకు ట్రాన్స్‌జెండర్ అన్నది మొత్తంగా వాడే మాట. ఆడపిల్ల అని రాయించుకుని, తాను మగవాడినని తెలుసుకున్న వ్యక్తి ట్రాన్స్ పురుషుడు. దీనికి అటు వైపు ట్రాన్స్ మహిళ. ఆడ, మగ అనే రెండు మాటల్లోనూ ఇమడనివాళ్లు తమను నాన్‌బైనరీ అని చెప్పుకుంటారు.

ఆస్పత్రిలో రాసేది శరీరాన్ని చూసి. ఆ శరీరమే ఆడ, మగ లెక్కలకు పూర్తిగా అందకుండా పుట్టేవాళ్లు ఇంటర్‌సెక్స్. మీ ఇంటి విషయానికి దానితో పని ఉన్నట్టు ఉత్తరంలో ఏమీ లేదు కాబట్టి వదిలేద్దాం. ఎవరి మీద మనసవుతుంది అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. దాన్ని సెక్సువల్ ఓరియెంటేషన్ అంటారు. లెస్బియన్, గే, బైసెక్సువల్ అనే మాటలు ఆ ప్రశ్నకు జవాబులు. మీ ఉత్తరంలో ఆ ప్రశ్నే లేదు. తన మాటల్లో ఎవరినో ఇష్టపడుతున్నట్టు ఎక్కడా లేదు, అయినా మీ జాబితాలో లెస్బియన్ అన్న మాట చేరిపోయింది.

మీ ఇంట్లో జరుగుతున్నది ఇదే అనుకుంటాను. షర్టు వేసుకుంది కాబట్టి అమ్మాయిలను ఇష్టపడుతుందేమో, ఇష్టపడితే మగవాడు కావాలనుకుంటుందేమో, అలా అయితే ఆపరేషనేమో, ఆపరేషన్ అంటే ఇల్లు విడిచి హిజ్రాల్లో కలవడమేమో. తను చెప్పింది రెండు ముక్కలు. మిగతా కథంతా పెద్దవాళ్లు రాత్రిళ్లు కూర్చుని అల్లినది.

అందుకే ఏ మాట వర్తిస్తుందో నన్ను చెప్పమంటే చెప్పను. చెబితే మీరు ఆ పేరు పట్టుకుని ఇంటికి పోతారు, తనకు మళ్లీ నోరు తెరిచే అవకాశం ఉండదు. కాకపోతే తను అన్న మాటను మీరు అక్షరం మారకుండా రాసి మంచి పని చేశారు, దాన్ని జాగ్రత్తగా చదువుదాం. 'నాకు చీర ఇష్టం లేదు' అనడం వేరు, 'నేను ఆడపిల్లనని నాకు అనిపించదు' అనడం వేరు. మొదటిది బట్ట గురించి. అంతటితో ఆగితే పంజాబీ డ్రెస్సుతో మీ పంచాయితీ తెగిపోయేది. మన దగ్గర టామ్‌బాయ్ అని పిలిపించుకుంటూ, క్రికెట్ ఆడుతూ, బైకు తోలుతూ పెరిగి, 'నేను ఆడదాన్నే, నా ఇష్టం వచ్చినట్టు ఉంటాను' అనే వాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్ల ఎక్స్‌ప్రెషన్ వేరు, ఐడెంటిటీలో ఏ గొడవా లేదు. రెండో మాట తన గురించి తను చెప్పినది. దాన్ని తీసి పక్కన పెట్టలేం. అదే సమయంలో, తను అనని మాట కూడా గమనించండి. 'నేను అబ్బాయిని' అని ఎక్కడా లేదు. ధోతి ఫంక్షన్ అడగడం వెనుక ఆ అర్థం ఉండవచ్చు. తమ్ముడికి పంచె కట్టి కూర్చోబెట్టి అక్షింతలు వేస్తారు, నన్ను మాత్రం నగలు మోయించి ఊరందరి ముందు పెద్దమనిషైందని చాటుతారు అన్న కోపమూ ఉండవచ్చు. రెండూ కలిసీ ఉండవచ్చు. 17 ఏళ్లకు ఇంకా తేల్చుకునే దారిలో ఉన్నవాళ్లను క్వశ్చనింగ్ అంటారు. ఈ ఏడాది చెప్పుకున్న మాట వచ్చే ఏడాది మారితే అది అబద్ధమైనట్టు కాదు. మారకపోతే మొండితనమైనట్టూ కాదు.

డిస్ఫోరియా అంటే ఏమిటో మీరు ఫోన్లో చదివే అవసరం లేదు, మీ ఉత్తరంలోనే ఉంది. తన శరీరాన్నో, తనను జనం చూసే తీరునో తట్టుకోలేని బాధ. బ్యాండేజ్ ఆ బాధ చేయించిన పని. నెలసరి రోజుల్లో ఇది ఎక్కువయ్యేవాళ్లు చాలామంది. సారీ ఫంక్షన్ ఎందుకంత దెబ్బ కొట్టిందో ఇప్పుడు ఊహించండి. తను దాచుకోవాలనుకున్నదాన్నే మనం షామియానా వేసి, భోజనాలు పెట్టి ప్రకటిస్తాం. ట్రాన్స్‌జెండర్లందరికీ ఈ బాధ ఒకే తీరున ఉండదు, కొందరికి అసలే ఉండదు. ఇక మీరు 'అల్లుడా' అన్నప్పుడు కనబడిన వెలుగు ఉందే, దానికి కూడా పేరుంది, జెండర్ యూఫోరియా. తనను తనలా గుర్తించారన్న సంతోషం. మీకు భయమేసిందన్నారు. బ్యాండేజ్ సంగతి విన్నప్పటికంటే ఆ వెలుగుకే ఎక్కువ భయపడ్డట్టు నాకు అనిపించింది.

ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని మీ చెల్లె బాధపడుతూ ఉండవచ్చు. తెలుగులో 'నేను వచ్చాను, తిన్నాను' అనే మాటల్లో ఆడా మగా తెలియదు. హిందీ మాట్లాడే ఇంట్లో అయితే పిల్లలు తమ గురించి తాము ఎలా మాట్లాడుకుంటున్నారో మూడేళ్లకే చెవిన పడుతుంది. మన ఇళ్లలో అది పదిహేడేళ్లు వినబడకుండానే గడిచిపోగలదు. ఫోన్ నేర్పిందన్న వాదన కూడా నిలవదు. చిన్నప్పటి నుంచి ప్యాంటు, షర్టే అని మీరే రాశారు, అప్పటికి తన చేతిలో ఫోన్ లేదు కదా. ఫోన్ ఇచ్చింది మాటలను. అనిపించడం అంతకుముందే ఉంది.

రుద్రమదేవి అని పిలిచేవాళ్లమన్నారు కాబట్టి ఆమె సంగతీ చెప్పాలి. గణపతిదేవుడు కూతురిని కొడుకులా పెంచి, ఓరుగల్లు సింహాసనానికి సిద్ధం చేశాడు. శాసనాల్లో ఆమె పేరు రుద్రదేవ మహారాజు అని కనిపిస్తుంది. మగవాళ్ల రాజ్యంలో, ఎదురు తిరిగే సామంతుల మధ్య ఆ పేరు, ఆ వేషం రాజ్యానికి అవసరమయ్యాయి. 1289లో ఆమె మరణాన్ని చెప్పే చందుపట్ల శాసనం దొరికింది కానీ, తన గురించి తనకు లోపల ఏమనిపించేదో ఏ రాయి మీదా లేదు. కాబట్టి వేషాన్ని బట్టి ఆమెను ట్రాన్స్‌జెండర్ అనేవాళ్లూ, 'రుద్రమ మగవేషం వేసినా ఆడదే కదా, మన పిల్లా అంతే' అని తీర్పు చెప్పేవాళ్లూ ఒకే పొరపాటు చేస్తున్నారు. ఆమెను అడిగే వీలు మనకు లేదు. తనను అడిగే వీలు మీకుంది.

వేషానికీ మనిషికీ మధ్య ఉన్న ఈ ఎడం మన ఊళ్లకు కొత్తదేమీ కాదు. ఒగ్గుకథలో చీర కొంగు నడుముకు దోపి ఎల్లమ్మ పాత్ర కట్టిన కళాకారుడు తెల్లవారితే మామూలుగా పొలం పోతాడు. అది కళ. అదే కొమురవెల్లి, ఐనవోలు జాతరల్లో చీర కట్టుకుని, పసుపు పూసుకుని, బోనమెత్తే మగ శివసత్తులను చూడండి. వాళ్లలో కొందరికి అది పూనకం వచ్చిన వేళకే, కొందరికి బతుకంతా అదే. పైకి ఇద్దరూ ఒకేలా కనబడతారు. వేములవాడలో శ్రీరామనవమి నాడు రాములవారి కల్యాణం జరుగుతుంటే శివపార్వతులు అని పిలిచే భక్తులు, జోగినులు, హిజ్రాలు తామూ తలంబ్రాలు పోసుకుని రాజన్నను పెళ్లాడతారు, వేలమంది చూస్తారు. ఆ గుడి ముందు దండం పెట్టిన మనిషే ఇంటికొచ్చి మేనగోడలి జుట్టు గురించి గోల చేస్తాడు. మల్లన్న దగ్గరికి పోతే పోండి, పట్నం వేయించండి, తనకూ రావాలనిపిస్తే తీసుకుపోండి. 'దీన్ని బాగు చెయ్యి స్వామీ' అని తనను ఎదురుగా నిలబెట్టి మొక్కకండి.

బట్టలను చూసి మనిషికి శిక్ష వేసిన చట్టం ఒకటి మన దగ్గరే ఉండేది. నిజాం రాజ్యంలో 1919లో, ఫస్లీ లెక్కలో 1329లో, నపుంసకుల చట్టం తెచ్చారు. నపుంసకుడని సర్కారు రిజిస్టరులో పేరెక్కించిన మనిషి ఆడబట్టల్లోనో, నగలు పెట్టుకునో వీధిలో కనబడితే వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు, రెండేళ్ల దాకా జైలు. నైజాం పోయినా ఆ కాగితం బతికే ఉంది. తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది 2023 జులైలో. దానికి చాలా ముందే, 2014 ఏప్రిల్ 15న జాతీయ న్యాయసేవల సంస్థ (నల్సా) వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ఉంది. మనిషి తన జెండర్‌ను తానే నిర్ణయించుకోవచ్చని, అందుకు ఆపరేషన్ చేయించుకు రమ్మనడం చెల్లదని అందులో ఉంది. ఇందాక చెప్పిన శివసత్తుల ప్రస్తావన కూడా ఆ తీర్పులో 'శివశక్తులు' పేరుతో వస్తుంది.

హిజ్రాల్లో కలుస్తుందా అన్నారు. హిజ్రా అన్నది ఒక సమాజం, గురువు, చేలా (శిష్యులు) వరుసలతో, సొంత కట్టుబాట్లతో నడిచేది. అందులో ఉన్నవాళ్లు ఎక్కువగా మగపిల్లలుగా పుట్టారని రాయించుకున్నవాళ్లు. ట్రాన్స్ మహిళలందరూ హిజ్రాలు కారు, ట్రాన్స్ పురుషులకైతే ఆ సంప్రదాయంతో సంబంధమే తక్కువ. మన జనానికి ట్రాన్స్‌జెండర్ అనగానే రైల్లో చప్పట్లే గుర్తొస్తాయి. ఆడపిల్లగా పెరిగి మగవాడినని చెప్పేవాళ్లు ఆ బొమ్మలో లేరు, అందుకే వాళ్లు అసలు లేరనుకుంటాం. ఇంట్లోంచి వెళ్లగొడితేనో, బలవంతంగా పెళ్లి చేస్తేనో పిల్లలు ఇల్లు వదులుతారు. పిల్లల్ని ఇల్లు వదిలించేది ఆ మాటా, ఈ మాటా కాదు. ఇక భవిష్యత్తు గురించి. డాక్టర్ రూత్ జాన్‌పాల్, ఆదిలాబాద్ రిమ్స్ వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ ప్రాచీ రాథోడ్ 2022లో ఉస్మానియా ఆస్పత్రిలో వైద్యాధికారులుగా చేరారు. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో మీ పక్కనే వరంగల్ తూర్పులో చిత్రపు పుష్పిత లయ పోటీ చేశారు. ముగ్గురూ ట్రాన్స్ మహిళలే. పిల్లలకు వీళ్ల గురించి తెలుసు, మనకే తెలియదు.

డాక్టర్‌కు చూపించాలా? బాగు చేయించడానికైతే వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితాను సవరించి 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చింది, అందులో దీన్ని మానసిక రోగాల అధ్యాయం నుంచి తీసేశారు. కౌన్సెలింగ్ పేరుతో, మందుల పేరుతో మనిషిని 'మార్చేస్తాం' అనడం వృత్తిపరమైన తప్పని మన నేషనల్ మెడికల్ కమిషన్ కూడా 2022లో చెప్పింది. అయితే రెండు రోజులు తిండి మానేసి తలుపేసుకున్న పిల్లల మనసు కుదుటపడటానికి సాయం కావాలి, అందుకు తప్పకుండా వెళ్లండి. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఎక్కడికి వెళ్లినా, లోపలికి పోయాక మొదటి ప్రశ్న మీరే అడగండి: "మా పిల్ల చెప్పేది వింటారా, మార్చాలని చూస్తారా?" రెండోది అయితే లేచి వచ్చేయండి. తనను డాక్టర్‌తో ఒంటరిగా మాట్లాడనివ్వండి. ఫోన్లోనే మాట్లాడాలంటే సర్కారు మానసిక ఆరోగ్య సాయం నంబరు టెలీ మానస్ 14416 ఉచితం, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోతాననే మాట ఏ రూపంలో వచ్చినా 'బెదిరిస్తోంది' అనుకోకండి, ఆ రాత్రి ఒంటరిగా వదలకండి, పురుగుమందు డబ్బాలున్న గదికి తాళం వేయండి. మీ వ్యాపారం అది కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను. హార్మోన్లు, ఆపరేషన్ల మాట ఇప్పుడు ఎత్తే అవసరం లేదు. తెలిసినవాళ్ల మెడికల్ షాపులో సొంతంగా హార్మోన్లు తెచ్చుకోవడం ప్రమాదమని మాత్రం తనకు తెలియాలి. గుర్తింపు పత్రాల సంగతి 18 నిండాక, తనకు కావాలనిపిస్తే చూసుకోవచ్చు. అప్పటికి నిబంధనలు ఎలా ఉన్నాయో న్యాయసేవల నంబరు 15100కు ఫోన్ చేసి అడగండి.

పెళ్లి మాటకు వస్తే నేను మెత్తగా చెప్పలేను. తనకు 17. ఇప్పుడు చేస్తే అది బాల్య వివాహం, 2006 చట్టం కింద నేరం. ఎవరైనా పిల్లల సాయం నంబరు 1098కి ఫోన్ చేస్తే పందిట్లోకి అధికారులు వస్తారు. 18 నిండాక కూడా, నేను ఆడపిల్లను కానేమో అంటున్న మనిషిని ఒక గదిలోకి పంపి సర్దుకుంటుందని బయట కూర్చోవడం ఏం పని? అన్నట్టు, మీ అబ్బాయిని ఎవరైనా అడిగారా? మేనరికం ఆశ మీకుంది. అది మనసులో పెట్టుకుని ఈ మాటల అర్థాలు వెతికితే, 'టామ్‌బాయే, ఇంకేం లేదు' అన్న జవాబే మీకు తీయగా కనబడుతుంది. అందుకని ముందు ఆ ఆశను పక్కన పెట్టి, అబ్బాయికీ, చెల్లెకూ ఆ సంగతి చెప్పేయండి. దానివల్ల తన మీద సగం బరువు దిగుతుంది.

తర్వాత తనతో మాట్లాడండి. ఇంట్లో వద్దు, తమ్ముడి ముందూ వద్దు. బండి మీద ఎక్కించుకుని పాకాల చెరువు దాకా పోయినా సరే. నువ్వు ట్రాన్స్‌జెండరా, ఇంకోటా అని అడగొద్దు. "ఆ రోజు అల్లుడా అంటే నీకు బాగనిపించినట్టుంది. అలాగే పిలవనా? మనిద్దరమే ఉన్నప్పుడా, అందరి ముందూనా?" అంతే. వద్దంటే వద్దు. పేరు మార్చి పిలవమంటే ఆ పేరు పలకండి, రెండుసార్లు తప్పినా మూడోసారికి నోటికొస్తుంది. తను చెప్పింది మీ దగ్గరే ఉండాలి. మీ చెల్లెకు చెప్పాలన్నా తనను అడిగే చెప్పండి. ఊళ్లో ఒకసారి బయటపడ్డ మాటను వెనక్కి తెచ్చుకోలేం, కాలేజీలో ఆ మాట తన మీదే పడుతుంది. కొజ్జా, తేడా లాంటి మాటలు ఇంట్లో ఎవరి నోట వచ్చినా, జోకుగా అన్నా, అక్కడికక్కడే ఆపండి. మేనమామ ఆపితే మిగతావాళ్లు ఆగుతారు.

ఫంక్షన్ చేయకండి. సారీ ఫంక్షనూ వద్దు, పట్టుబట్టి అందరి ముందు ధోతి ఫంక్షనూ వద్దు. రెండోది తను అడిగిందే కదా అంటారేమో, కోపంలో, బాధలో వాళ్లమ్మతో అన్న మాట అది. ఆరు వందల మంది భోజనాలకు వచ్చాక చెప్పాల్సింది ఏమిటో తను ఇంకా తేల్చుకోలేదు. తమ్ముడిది ఒక్కడిదే చేస్తే తను ఏ మూల కూర్చోవాలి? అదీ వాయిదా వేయండి. ఇంటర్ పరీక్షలున్నాయి, ఎండలు తగ్గాక చూద్దాం అంటే చుట్టాలు నమ్ముతారు, అది నిజం కూడా. మేనమామ బట్టలు పెట్టడం మానకండి. తనను వరంగల్ చౌరస్తాకు తీసుకుపోయి, దుకాణంలో ఏ వైపు నడిస్తే ఆ వైపు వెంట వెళ్లండి. షర్టు గుడ్డ తీసుకుంటే కొలతలు ఇచ్చే దగ్గర టైలర్ ఏదో అంటాడు, మీరు మాట్లాడండి. పట్టుచీర ఇప్పటికే కొనేసి ఉంటే అది మీ చెల్లెకు పెట్టండి.